ఊరుగాని ఊరిలో మధ్యాహ్న భోజనం

ప్రయాణం పెట్టుకున్న రోజున మన పల్లె ఇండ్లలో మొదట పుట్టే ప్రశ్న బస్సు గురించి కాదు. "మధ్యాహ్నం బువ్వ యాడ?" అన్నదే ఆ ప్రశ్న. బస్సు ఎన్ని గంటలకు, పని ఎప్పటికి తెములుతుంది అన్నవి తర్వాత వచ్చే లెక్కలు. ఒంటిగంట వేళకు నీడన కూర్చుని నాలుగు ముద్దలు తినగలిగితే మిగిలిన ప్రయాణం సులువుగా జరిగిపోతుంది. లేకపోతే ఎంత మంచి పని మీద వెళ్లినా ఇంటికి చేరేసరికి విసుగే మిగులుతుంది.

ఈ ప్రశ్న ఎర్రబస్సు ఎక్కేవారిది మాత్రమే కాదు. విశాఖపట్నం రేవులో 2023లో విహార యాత్రల ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభించారు. అలాంటి ఓడలు ప్రపంచంలోని ఎన్నో రేవుల్లో ఆగుతూ వెళ్తాయి. దిగినవారికి ఊరు చూడడానికి కొన్ని గంటలే ఉంటాయి. ఓడలో కావలసినంత తిండి ఉన్నా, ఆ ఊరివాళ్లు తినేది ఎక్కడ దొరుకుతుందా అని వారూ వెదుకుతారు. ఓడ బయలుదేరే వేళకు తిరిగి చేరాలి కాబట్టి వారికీ తొందరే. మన వైపు సముద్రము లేదు. పెన్న ఉంది గాని, ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. అయినా మన బస్టాండ్లు కూడా రేవుల వంటివే. పొద్దున దిగుతాము, సాయంత్రం బస్సుకు ఎక్కుతాము. మధ్యలో ఉన్న ఆ నాలుగైదు గంటల్లో ఊరుగాని ఊరిలో మనలను కూర్చోబెట్టి అన్నం పెట్టేదెవరు?

మాది పులివెందుల వైపు ఒక చిన్న పల్లె. ఇంట్లో మేమిద్దరము, పిల్లలు, అబ్బ, జేజి. అబ్బకు డెబ్బై ఎనిమిదేండ్లు. పన్నెండేండ్లుగా షుగరు ఉంది. మాత్ర వేసుకున్నాక వేళకు తినకపోతే ఆయనకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అందుచేత మా ఇంట్లో మధ్యాహ్న భోజనము సరదా సంగతి కాదు, గడియారము చూసి చేయవలసిన పని. మూడు ఊళ్లు మాకు ఈ పాఠం నేర్పాయి. జమ్మలమడుగుకు ఆసుపత్రి కోసము, ప్రొద్దుటూరుకు అంగళ్ల కోసము, బ్రహ్మంగారిమఠానికి ఒక పెళ్లి కోసము వెళ్లాము. ఆ మూడు చోట్లా మేము తిన్నదేమిటో, అబ్బ ఎక్కడ కూర్చున్నాడో మన పాఠక కుటుంబాలతో చెప్పుకుంటే ఎవరికైనా ఉపయోగపడుతుందని అనుకుంటున్నాము.

జమ్మలమడుగు

జమ్మలమడుగు పేరు చెప్పగానే మన సంఘాల పెద్దలకు గుర్తుకు వచ్చేది క్యాంబెల్ ఆసుపత్రి. పందొమ్మిదో శతాబ్దం చివర లండన్ మిషన్ వారు ఈ ఊరిలో వైద్యము మొదలుపెట్టారు. ఆ తొలి వైద్యుడైన క్యాంబెల్ దొర పేరే ఆసుపత్రికి నిలిచింది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మిషన్ వారి పని ఆ సంఘానికి వచ్చింది. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దులబండ్ల మీద రోగులను తెచ్చేవారని అబ్బ చెబుతాడు. బండి వచ్చిందంటే రోగితోపాటు వంటచెరకు, సంగటి కుండ, రాగిపిండి మూట కూడా వచ్చేవి. మిషన్ ఆసుపత్రుల్లో రోగి బంధువులు చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకొనుట ఆ కాలంలో మామూలే.

అబ్బకు ఆ అలవాటు ఇంకా పోలేదు. షుగరు పరీక్షకు పరగడుపున రక్తం ఇవ్వాలి, తరువాత తినాలి, తిన్న రెండు గంటలకు మళ్లీ ఇవ్వాలి. అందుచేత తినే చోటు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండాలి, వేళ తప్పకూడదు. బయట టిఫిన్ అంగళ్లు ఉన్నాయి. ఉగ్గాని, బజ్జీ, ఎర్రకారం పూసిన దోసె వేడివేడిగా దొరుకుతాయి. జేజికి దోసె మీద ఆశ. కానీ అబ్బ మాత్రం, "మీరు పోండి, నేనీడే కూచుంటా" అని వేపచెట్టు కిందకు పోయి టవలు పరుచుకునేవాడు. స్టీలు క్యారియరులో మేము తెచ్చిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని, సీసాలో నీళ్లు తాగేవాడు. ఆయనను విడిచి దోసె తినడం జేజికి ఇష్టం లేక ఆమె కూడా చెట్టు కిందే తినేది. ఇన్నేండ్లలో ఆయన హోటలు గడప తొక్కగా మేము చూడలేదు. పొదుపు కోసమని కొన్నాళ్లు, పథ్యము కోసమని కొన్నాళ్లు మేమే సర్దిచెప్పుకున్నాము. సద్ది కట్టుకుని పోవడం మంచి అలవాటే గనుక ఎవరమూ అడగలేదు.

జమ్మలమడుగుకు ఇప్పుడు గండికోట చూడటానికి వచ్చేవారు కూడా ఎక్కువయ్యారు. కోట ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల రైలుమార్గము పూర్తయి ఊరికి రైలు కూడా వచ్చింది. పై ఊళ్లవారు బస్సు దిగగానే, "సంగటి, నాటుకోడి పులుసు యాడ దొరుకుతుంది?" అని ఆటోవాళ్లను అడగడం మేము విన్నాము. మన ఇండ్లలో బీదవాని కూడు అనుకున్న సంగటిని ఈనాడు కారులో వచ్చినవారు వెదికి తింటున్నారు. వారి అడిగే పద్ధతి మాత్రం సరైనది. పెద్ద బోర్డు చూసి లోపలికి పోవడం కంటే, రోజూ ఆ ఊరిలో తినేవాళ్లను అడగడం మంచిది. బస్టాండులో మూటలు మోసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, బ్యాంకు ముందు కాపలా ఉండేవాళ్లు చెప్పిన చోట అన్నం వేడిగా ఉంటుంది, ధర న్యాయంగా ఉంటుంది.

ప్రొద్దుటూరు

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. పత్తి, బంగారము, బట్టల వ్యాపారము ఈ ఊరికి ఆ పేరు తెచ్చాయి. పెండ్లి కుదిరిందంటే మన జిల్లాలో సగం మంది ఇక్కడికే వస్తారు. మా పెద్దమ్మాయి పెండ్లి కోసము 2025లో దసరాకు ముందు మేమూ వెళ్లాము. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవాళ్లకు టికెట్ తీసేశారు. జేజికి అది మొదటి ఉచిత ప్రయాణము. ఆధార్ కార్డును చీర కొంగులో ముడి వేసుకుని వచ్చింది. బస్సు దిగగానే, "నా చార్జీ మిగిలింది గదా, ఈ పొద్దు నాకు దోసె పెట్టియ్యాల" అన్నది. అందరమూ నవ్వాము. అబ్బ మాత్రం క్యారియరు ఎక్కడుందని అడిగాడు.

నగల అంగడిలో అనుకున్నదానికంటే ఆలస్యమైంది. కమ్మలు చూపేవారు వేరు, తూకము వేసేవారు వేరు, బిల్లు రాసేవారు వేరు. వెలుపల పడిన వాన వలన కరెంటు పోయి తూకము ఆగింది. పన్నెండున్నరకు తేలవలసిన పని ఒకటి ముప్పావు దాకా సాగింది. "అబ్బా, పక్కన మెస్సు ఉంది, తిని వత్తువురా" అని మేము రెండుసార్లు పిలిచాము. ఆయన తల అడ్డంగా ఊపి, వాన వెలిస్తే చెట్టు కింద తింటానన్నాడు. వాన వెలవలేదు. కొంచెం సేపటికి ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. చేతిలోని సంచి జారింది. మాటకు జవాబు తడబడింది. జేజి సంచిలో ఎప్పుడూ ఉండే బెల్లం ముక్క ఆయన నోట్లో పెట్టింది. పక్కనున్న సోడాబండి అతను ఒక గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి తెచ్చి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. పది నిమిషాలకు ఆయన కండ్లు తేటపడ్డాయి. ఇక చెట్టు మాట ఎత్తనివ్వకుండా ఇద్దరము చెరొక రెక్క పట్టుకుని దగ్గరలో ఉన్న ఆ మెస్సులోనికి తీసుకుపోయాము.

అది నిజానికి హోటలు కాదు. ఒక ఇంటి ముందు వరండా. నాపరాతి బండల మీద రెండు వరుసల బల్లలు వేశారు. వండేది, వడ్డించేది ఒకే అమ్మ. గుమస్తాలు, బండి తోలేవాళ్లు, మాలాగా పల్లె నుంచి వచ్చిన ఒక కుటుంబము తింటున్నారు. అబ్బ గడప దగ్గర ఆగిపోయాడు. అంత నీరసంలో కూడా ఆయన కాలు లోపలికి పడలేదు. ఆ అమ్మ గరిటె చేతిలో పట్టుకునే వచ్చి, "పెద్దాయనా, తడుస్తాండావు, లోపలికి రా నాయనా" అని చేయి పట్టుకుని ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఏ ఊరు అని అడగలేదు, ఎవరి పిల్లోళ్లు అని అడగలేదు. విస్తరిలో ముందు ఆయనకే వడ్డించి, "షుగరా? అట్లయితే బువ్వ తక్కువ, పప్పు, ఆకుకూర ఎక్కువ" అని ఆమే లెక్క చెప్పింది. గోంగూర పప్పు, ఎండుమిరపకాయల పచ్చడి, చారు, మజ్జిగ. అబ్బ తలవంచుకుని తిన్నాడు. నీళ్లు తాగిన స్టీలు గ్లాసును చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. తరువాత లేచి, కడిగిపెట్టడానికి తొట్టి ఎక్కడుందని అడిగాడు.

"ఆడనే పెట్టు నాయనా, నేను కడుగుతా" అన్నది ఆ అమ్మ.

ఆయన ఎందుకలా అడిగాడో తిరుగు బస్సులో మాకు తెలిసింది. అబ్బకు పదిహేనేండ్లప్పుడు ఒక ఊరిలో టీ అంగడి ఉండేది. అందరికీ గాజు గ్లాసులు లోపల బల్ల మీద ఉండేవి. మన పేట వాళ్లకు ఇచ్చే గ్లాసు బయట చూరులో చెక్కి ఉండేది. తీసుకోవాలి, కడుక్కోవాలి, దోసిలి పైన నీళ్లు పోయించుకోవాలి, తాగి మళ్లీ కడిగి చూరులో చెక్కాలి. చెల్లించే అణా మాత్రం అందరిదీ ఒకటే. ఒకనాడు చినుకులు పడుతుంటే పొరపాటున అరుగు మీద కూర్చున్నాడట. ఏమి అన్నారో ఆయన మాకు చెప్పలేదు. "ఆ పొద్దు అనుకున్నా, డబ్బులిచ్చి మాటలు పడేదెందుకు, నా సద్ది నాకు సాలు అని" అన్నాడు. అరవై ఏండ్లకు పైగా ఆ మాట మీదే నిలిచాడు. మేము పథ్యమనుకున్నది అదీ.

చట్టము ఎప్పుడో మారింది. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణంలోనే, అంగళ్లలోకి, హోటళ్లలోకి కులము పేరు చెప్పి ఎవరినీ రాకుండా ఆపరాదని ఉంది. 17వ అధికరణము అంటరానితనమునే రద్దుచేసింది. 1955లో శిక్షల చట్టము కూడా వచ్చింది. అబ్బ చూరులో గ్లాసు చెక్కింది ఆ చట్టము వచ్చిన తరువాతనే. రెండు గ్లాసుల పద్ధతి పోవడానికి కాగితము ఒక్కటే చాలలేదు. బడికి పోయిన పిల్లలు, పట్నానికి పోయిన కూలీలు, కేసు పెట్టడానికి తెగించిన వాళ్లు, ఎవరు వచ్చినా ఒకే గ్లాసు ఇచ్చిన కొందరు అంగడివాళ్లు కలిసి దానిని వెనక్కు నెట్టారు. ఆనాడు మనుషుల చేతిలో పడిన దెబ్బ మాత్రం మా ఇంట్లో క్యారియరు రూపంలో ఇంతకాలము మాతోపాటు ప్రయాణము చేసింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అబ్బ తానే వాక్యభాగము చెప్పాడు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయము. ప్రభువు ప్రయాణము చేసి అలసి, మధ్యాహ్న వేళ సమరయలోని ఒక బావి దగ్గర కూర్చున్నాడు. శిష్యులు ఆహారము కొనడానికి ఊరిలోనికి వెళ్లారు. మేము ఎన్నిసార్లో చదివిన భాగమే. ఊరుగాని ఊరిలో మధ్యాహ్న భోజనము వెదికిన కథ అని మాకు ఎన్నడూ తోచలేదు. చదవడం అయ్యాక అబ్బ, "యూదులు వాళ్ల చెంబు ముట్టరు గదా. ఆయన ఆ యమ్మ చెంబుతోనే నీళ్లు ఇయ్యమన్నాడు" అని మాత్రం అన్నాడు. ఆ పూట ఎక్కువ పాటలు పాడలేదు. జేజి దీపం తగ్గించింది. మరునాడు పొద్దున మాత్రం, "నా దోసె అట్లే ఉండిపోయె" అని గుర్తుచేసింది.

బ్రహ్మంగారిమఠము

ఆ తరువాత కార్తీకంలో మా ఊరి పెద్ద రైతు ఒకరి మనమరాలికి బ్రహ్మంగారిమఠములో పెండ్లి పెట్టుకున్నారు. ఆ రైతు అబ్బ ఈడువాడే. చిన్నప్పుడు అబ్బ వారింట్లో జీతగాడుగా ఉన్నాడు. ఆ ఇంటివాళ్లు మమ్ములను కుటుంబముతో రమ్మని స్వయంగా పేటకు వచ్చి పిలిచారు. అప్పుడు మా ఇంట్లో రెండు ప్రశ్నలు లేచాయి.

మొదటి ప్రశ్న జేజిది. అది వేరే మతము వారి పుణ్యస్థలము. అక్కడ మనము భోజనము చేయవచ్చునా? ఈ ప్రశ్న మన సంఘాల్లో చాలా ఇండ్లలో ఉన్నదే. మా అయ్యగారిని అడిగాము. ఆయన కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ, పదవ అధ్యాయములు రెండూ ఇంటి దగ్గర నిదానంగా చదువుకోమన్నారు. "పూజలో ఇచ్చేది వేరు, పెండ్లివారు ప్రేమతో వడ్డించే అన్నము వేరు. పిలిచినవారి మనసు నొప్పించకుండా, మీ మనస్సాక్షిని నొప్పించకుండా నడుచుకోండి. తినని వారిని తినేవారు గాని, తిన్నవారిని తినని వారు గాని తక్కువ చేయవద్దు" అని చెప్పారు. జేజికి ఆ మాట సరిపోయింది.

రెండవ ప్రశ్న అబ్బది. దానిని ఆయన ఎవరినీ అడగలేదు. క్యారియరు కడిగి ఎండలో పెట్టాడు, అంతే. మేము అర్థము చేసుకున్నాము.

మైదుకూరు మీదుగా వెళ్లాము. బ్రహ్మంగారిమఠము పాత పేరు కందిమల్లాయపల్లె. కాలజ్ఞానము చెప్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ ఉండి, ఇక్కడే సజీవసమాధి అయ్యాడని ఆయన భక్తులు నమ్ముతారు. దగ్గరలోనే ఆయన పేరు మీద తెలుగుగంగ వారి జలాశయము, బ్రహ్మంసాగరు ఉంది. వైశాఖ శుద్ధ దశమి నాడు జరిగే ఆరాధనకు, శివరాత్రికి జనము విపరీతంగా వస్తారు. ఆ రోజుల్లో వెళ్లవలసి వస్తే పిల్లలకు, షుగరు ఉన్నవారికి సద్ది తప్పక పట్టుకుపోవాలి, ఎందుకంటే పంక్తి ఎప్పుడు అందుతుందో చెప్పలేము. మామూలు రోజుల్లో మఠములో అన్నదానము ఉంటుంది, సత్రాల్లో పెండ్లివారి వంటలు ఉంటాయి, బస్టాండు దగ్గర చిన్న హోటళ్లు ఉంటాయి.

బ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల కులమువాడైన సిద్ధయ్య, చెప్పులు కుట్టే కులమువాడైన కక్కయ్య ఉన్నారని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. మన విశ్వాసము వేరు. అయినా ఇంత పాత కాలంలోనే కులము గీత దాటి మనుషులను దగ్గరకు తీశారన్న జ్ఞాపకము ఈ ఊరి గాలిలో ఉందని ఒప్పుకోవలసినదే. ఆ జ్ఞాపకము ఉన్న ఊరిలో కూడా కులానికొక సత్రము కట్టుకొనే అలవాటు వచ్చిందంటే, మంచి మాటను విని తలవూపడం ఎంత సులభమో, ఒకే వరుసలో కూర్చోవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

తాళి కట్టడం పన్నెండు లోపల అయిపోయింది. భోజనాలకు పిలిచారు. సత్రము హాలులో బల్లలు వేసి, పొడవాటి పేపరు పరిచి విస్తర్లు పెట్టారు. జేజి, పిల్లలు కూర్చున్నారు. అబ్బ క్యారియరు సంచి పట్టుకుని బయట కానుగచెట్టు వైపు నడిచాడు. మేము ఆపలేదు. ఎనభై ఏండ్లకు దగ్గరపడిన మనిషిని ఎక్కడ తినాలో శాసించే హక్కు మాకు లేదు. మాలో ఒకరము ఆయనతోపాటు చెట్టు కింద తిందామని అనుకుని లేచాము.

అంతలో పెండ్లికూతురి తాత చేతికర్ర పట్టుకుని బయటకు వచ్చాడు. ఆయన ఇంటి కొట్టంలోనే ఒకప్పుడు అబ్బ పశువుల దగ్గర పడుకునేవాడు. ఆ ఇంటి అవ్వ గిన్నె తాకకుండా ఎత్తు నుంచి సంగటి ముద్ద వేసేదని అబ్బ మాకు చెప్పి ఉన్నాడు. చిన్నప్పటి నుంచి "ఒరే" అని పిలిచిన ఆ పెద్దమనిషి ఆనాడు, "ఏమప్పా, ఈడ నిలబడినావు? రా, నా పక్కన ఇస్తరి ఏసినారు" అన్నాడు.

అబ్బ కదలలేదు. "నీ పక్కన నేను కూచుంటే నువ్వు తింటావా?" అని అడిగాడు. కోపము లేదు, నవ్వు లేదు. ఎద్దును కొనేటప్పుడు పండ్లు లెక్కపెట్టినట్టు సూటిగా అడిగాడు.

ఆ పెద్దమనిషి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తరువాత, "తినేదానికే పిలిచినా. మా యమ్మ ఉన్నెప్పటి సంగతి నాకూ గుర్తుండాది. రా" అన్నాడు.

ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఓలిగ వడ్డిస్తే అబ్బ వద్దని చేయి అడ్డం పెట్టాడు. పక్కాయన కూడా వద్దన్నాడు, ఆయనకూ షుగరేనట. ఇద్దరూ మాత్రల సంగతి మాట్లాడుకున్నారు. తరువాత, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఎద్దుల జత గురించి, ఒక కరువు ఏడాది గురించి మాట్లాడుకున్నారు. పాతవాటిని గురించి మరే మాటా అనుకోలేదు. తిన్న విస్తరిని అబ్బ తీయబోతే, "ఉండనీ, పిల్లోళ్లు తీస్తారు" అని ఆయన ఆపాడు. ఆ క్యారియరులోని సంగటిని తిరుగు బస్సులో సాయంత్రం మేమందరము పంచుకుని తిన్నాము.

ఈ ఒక్క పూటతో పాత లెక్కలన్నీ తీరిపోయాయని మేము చెప్పము. అబ్బ కూడా చెప్పడు. ఆ ఊరి సత్రాల గోడలు అలాగే ఉన్నాయి. మన సంగతి కూడా చూసుకోవాలి. మన మందిరాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసము తీసుకుని, పండుగ నాడు ప్రేమవిందుకు వచ్చేసరికి ఈ పేటవారు ఒక వరుస, ఆ పేటవారు ఒక వరుసగా కూర్చునే సంఘాలు లేవా? హోటలులో రెండు గ్లాసులు తప్పయితే, మన విందులో రెండు వరుసలు ఎలా సరి అవుతాయి? కన్వెన్షన్ పందిళ్లలో వంట ఎవరు చేశారని గుసగుసగా అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. సద్ది విప్పే ముందు ఈ సంగతి ప్రతి కుటుంబము తమలో తాము మాట్లాడుకోవాలి.

ప్రయాణము చేసే కుటుంబాలకు మేము నేర్చుకున్న కొన్ని సంగతులు చెప్పి ముగిస్తాము.

షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు ఇంట్లో ఉంటే భోజనం వేళను ముందే నిర్ణయించి, మిగిలిన పనులను దాని చుట్టూ పెట్టుకోవాలి. బెల్లము, చక్కెర, గ్లూకోజు ఏదో ఒకటి అందుబాటులో ఉండాలి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే నోట్లో వేయాలి, తరువాత అన్నం పెట్టాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రాగి సంగటి మంచిదే గాని, రాగి కదా అని లెక్క లేకుండా తింటే షుగరు పెరుగుతుంది.

పన్నెండున్నరకు వెళ్లినవారికి తొలి వంట దొరుకుతుంది. రెండు దాటాక మిగిలినది దొరుకుతుంది. కూర్చునే ముందు ధర అడగడం నామోషీ కాదు. ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని తింటున్న చోటు సాధారణంగా మంచి చోటు. చేతులు కడిగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ముసలివాళ్లు ఎక్కగల మెట్లు ఉన్నాయేమో చూసుకోవాలి. రుచి తరువాత సంగతి. చేతిలో డబ్బు తక్కువైతే పట్టణాల్లో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐదు రూపాయలకు భోజనము. అక్కడ టోకెను వరుస ఒక్కటే. ముందు వచ్చినవారు ముందు తింటారు.

ఇంట్లో ఉన్న పెద్దలు హోటలుకు రానంటే మొండితనమని విసుక్కోవద్దు. కారణము ఏమిటో మెల్లగా అడగండి. చెప్పితే వినండి. చెప్పకపోతే వారితోపాటు చెట్టు కింద కూర్చోండి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మనవి. ఆసుపత్రి ఉన్న ఊరిలో, సంత ఉన్న ఊరిలో, బస్టాండు పక్కన మన మందిరాలు చాలా ఉన్నాయి. వారము నడుమ వాటి గేట్లకు తాళాలు ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆ గేటు తెరిచి, చెట్టు కింద రెండు నాపరాతి బండలు వేసి, ఒక కుండ నీళ్లు, ఒకే రకం గ్లాసులు పెట్టగలమా? ఖర్చు పెద్దది కాదు. ఒక మూల మరుగుదొడ్డిని శుభ్రంగా ఉంచగలిగితే ఆడవాళ్లకు ఇంకా మేలు. వచ్చినవారిని ఏ ఊరు, ఏ కులము, ఏ మతము అని అడగనక్కరలేదు. సద్ది విప్పుకుని తిని, నీళ్లు తాగి, వాళ్ల బస్సుకు వాళ్లు పోతారు.

మా సంఘములో ఈ మాట ఎత్తాము. స్త్రీల మైత్రి వారు కుండకు, గ్లాసులకు డబ్బు పోగుచేశారు. బండలు అబ్బ ఇప్పిస్తానన్నాడు. జేజి దోసె మాత్రం ఇంకా బాకీ ఉంది. వచ్చే నెల పరీక్షకు జమ్మలమడుగు పోయినప్పుడు అది కూడా తీరుస్తాము. రెండు దోసెలు చెప్పమని అబ్బ అన్నాడు.